తొమ్మిదిలో చతికిలబడ్డ పిల్లాడికి ఓపెన్ స్కూలా, ఐటీఐనా, ఇంకేదైనా దారి ఉందా?

మర్రిపాలెం_శ్రీదేవి
విశాఖలో ఉండే మా ఆడపడుచు కొడుక్కి పదిహేనేళ్ళు. ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచి మార్కులు జారుతూ వచ్చి లెక్కలు, సైన్సు ఇప్పుడు సింగిల్ డిజిట్‌లో ఉన్నాయి. దసరా సెలవులయ్యాక వారానికి రెండు రోజులు కూడా బడికి వెళ్ళట్లేదు, పొద్దున్న లేస్తే కడుపునొప్పి అంటాడు. స్కూలు వాళ్ళేమో "టీసీ తీసుకోండి, వచ్చే ఏడు మా రిజల్ట్ పోతుంది" అంటున్నారు. ఒకాయన ఓపెన్‌లో (రోజూ బడికి వెళ్ళకుండా పరీక్షలు రాసే ఓపెన్ స్కూలు) నేరుగా టెన్త్ కట్టించేస్తానంటున్నాడు. ఇంకొకరు హాస్టల్లో పడేయమంటున్నారు. ఏది చేస్తే పిల్లాడు మళ్ళీ దార్లో పడతాడు? ఈ పనిలో ఉన్నవాళ్ళు వివరంగా చెప్పండి.

లెక్కల_మాస్టారు
బోర్డు మార్చాలా, బడి మార్చాలా అన్నది తర్వాత. ముందు వాడు ఎక్కడ ఆగిపోయాడో పట్టుకోండి. అరగంట పని, ఇంట్లోనే చెయ్యొచ్చు.

తెలుగు: రెండో తరగతి స్థాయి కథ ఒకటి పైకి చదివించండి. "వ్యవసాయం" అన్నచోట "వవసాయం", "ప్రయత్నం" అన్నచోట "పయత్నం" అని చదువుతుంటే ఒత్తుల దగ్గరే ఆగిపోయాడని అర్థం. "కిరణజన్య సంయోగక్రియ" అన్న మాట వాడి కళ్ళకి ఒక గీతల ముద్దలా కనిపిస్తుంది. సైన్సు రాలేదని ట్యూషన్ పెట్టించి లాభం లేదు, అక్కడ రానిది చదవడం. తడుముకోకుండా చదివేస్తే ఏం అర్థమైందో సొంత మాటల్లో చెప్పమనండి. గడగడా చదివి అర్థం చెప్పలేని వాళ్ళు చాలామందే ఉంటారు.

లెక్కలు: నాలుగే నాలుగు ఇవ్వండి. 503 − 287. 618 ÷ 6. 1/2 + 1/3. −7 + 3. రెండోదానికి 103 రావాలి. 13 అని రాశాడంటే భాగఫలంలో సున్నా వదిలేస్తున్నాడు, అంటే స్థానవిలువ కుదరలేదు. మూడోదానికి 2/5 అని రాస్తే భిన్నం అంటే ఏమిటో తెలియదు. ఈ నాలుగింటిలో మొదట ఏది తప్పితే, ఆ లెక్క నేర్పే తరగతే వాడి తరగతి. రిజిస్టర్లో తొమ్మిది అని ఉన్నా సరే.

పరీక్ష చేసేటప్పుడు తప్పులు దిద్దకండి, మొహం మార్చకండి. ఏం రాశాడో మీరు విడిగా కాగితం మీద రాసుకోండి.

బీచ్‌రోడ్_రవి
మాస్టారూ, మీసాలొస్తున్న కుర్రాడి చేత రెండో తరగతి పుస్తకం చదివిస్తే ఇంకా ముడుచుకుపోడా?

లెక్కల_మాస్టారు
పోతాడు, అందుకే పుస్తకం ఇవ్వకూడదు. అదే స్థాయి మాటలతో క్రికెట్ వార్తో, బండి సర్వీసింగ్ గురించో పది వాక్యాలు మీరే రాసి ఇవ్వండి. చిన్న వాక్యాలు ఉండాలి గానీ విషయం పదిహేనేళ్ళ వాడికి తగినట్టుండాలి. తర్వాత నేర్పేటప్పుడూ ఇదే సూత్రం. బొమ్మల పుస్తకం పెట్టిన రోజే పిల్లాడు మీ చేయి జారిపోతాడు.

ఎంవీపీ_కౌన్సెలర్
కడుపునొప్పి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆదివారం వస్తోందా? సెలవుల్లో వస్తోందా? బడి ఉన్న రోజునే వచ్చి పదకొండింటికల్లా తగ్గిపోతుంటే అది నటన కాదు, భయం. నొప్పి మాత్రం నిజంగానే ఉంటుంది. ఓపాలి పిల్లల డాక్టరుకి చూపించి, కళ్ళు, చెవులు కూడా పరీక్ష చేయించండి. బోర్డు సరిగ్గా కనపడక వెనకబడినవాళ్ళు ప్రతి స్కూల్లోనూ దొరుకుతారు.

తర్వాత దేనికి భయపడుతున్నాడో తెలుసుకోవాలి. "ఎందుకు వెళ్ళట్లేదు" అనడిగితే "ఏం లేదు" అంటాడు. "బడిలో ఏ పీరియడ్ వస్తోందంటే గుండె దడదడలాడుతుంది? ఎవరి పక్కన కూర్చోవాలంటే ఇబ్బంది?" అని విడివిడిగా అడగండి. ఒక పీరియడో, ఒక మనిషో, బస్సులో ఒక సీటో బయటపడుతుంది.

ఇంట్లో కూర్చోబెట్టిన ప్రతి వారమూ తిరిగి వెళ్ళడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. బడి మారినా ఈ భయం వెంటే వస్తుంది కాబట్టి మెట్లుమెట్లుగా అలవాటు చెయ్యాలి. మొదట గేటు దాకా, తర్వాత ఒక్క పీరియడు, అదీ వాడికి నచ్చినది. తర్వాత పూట, ఆ తర్వాత పూర్తి రోజు. ఒక్కో మెట్టు మీద మూడు నాలుగు రోజులు నిలబడ్డాకే పై మెట్టు. సోమవారం బాగా వెళ్ళాడని మంగళవారం పూర్తి రోజు పంపిస్తే బుధవారం మళ్ళీ మొదటికొస్తుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి మానెయ్యడం, చచ్చిపోతానన్న మాట, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగొద్దు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది. ఫోన్లో అయితే టెలీ మానస్ 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

గాజువాక_నాన్న
ఫోను లాక్కుంటే సగం రోగం కుదురుతుంది.

ఎంవీపీ_కౌన్సెలర్
గాజువాక గారూ, ఒక్కసారిగా లాక్కుంటే ఇంట్లో యుద్ధమే తప్ప చదువు రాదు. రాత్రి పదికి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో చార్జింగ్‌కి పెట్టండి. ముందు నిద్ర దార్లో పడాలి. ఒంటిగంట దాకా మేలుకునే పిల్లాడికి పొద్దున్న ఎనిమిదిన్నర క్లాసులో ఏ మాస్టారు చెప్పినా ఎక్కదు.

పెందుర్తి_హెచ్‌ఎమ్
శ్రీదేవి గారూ, టీసీ మాట. తర్వాత ఎక్కడ చేర్చాలో ఖాయం చేసుకోకుండా టీసీ చేతిలోకి తీసుకోకండి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి, ఎనిమిదో తరగతి వరకు. తొమ్మిదిలో ఆ చట్టం అడ్డు పడదు కాబట్టి స్కూళ్ళు ధైర్యంగా పొమ్మంటాయి.

తీసుకునే రోజున నాలుగు చూసుకోండి. పేరు, ఇంటిపేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌తో అక్షరం అక్షరం కలవాలి. తేడా ఉంటే అక్కడే సరిచేయించాలి, టెన్త్ మెమో వచ్చాక దిద్దించడం చాలా పెద్ద తలనొప్పి. ఇంకోటి, యూడైస్‌లో, అంటే స్కూళ్ళ వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, పిల్లాడికి పెన్ అని ఒక శాశ్వత నంబరు ఉంటుంది. పాత స్కూలు "వెళ్ళిపోయాడు" అని పెట్టి డ్రాప్‌బాక్స్ అనే జాబితాలోకి వదిలితేనే కొత్త స్కూలు ఆ పేరును లాక్కోగలదు. చేతిలో టీసీ ఉండి ఆన్‌లైన్‌లో పేరు ఇరుక్కుపోయిన కేసులు ప్రతి జూన్‌లోనూ వస్తాయి.

దగ్గర్లో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) హైస్కూలో జెడ్పీ హైస్కూలో ఉంటే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. రిజల్ట్ పోతుందని అక్కడ ఎవరూ బయటికి నెట్టరు. సంగతి ముందే దాచకుండా చెప్పి క్లాస్ టీచరుతో మాట్లాడుకుంటే మెట్లుమెట్లుగా రావడానికి ఒప్పుకునే హెచ్‌ఎమ్‌లు ఉన్నారు.

ఓపెన్_కోఆర్డినేటర్
నేరుగా టెన్త్ అన్నది నిజమే, మోసం కాదు. మన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే రాష్ట్ర ఓపెన్ స్కూలు, 1991 నుంచీ ఉంది. ఆగస్టు 31 నాటికి పద్నాలుగేళ్ళు నిండితే టెన్త్‌కి చేర్చుకుంటారు. ఐదు సబ్జెక్టులు, కావాలంటే ఆరోది. పాస్ మార్కు 35. ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు, ఈసారి రెండు, వచ్చేసారి మూడు అని పంచుకోవచ్చు. చితికిపోయిన పిల్లాడికి అసలైన మేలు ఇక్కడే ఉంది. అన్ని పేపర్లూ ఒకేసారి మీద పడవు, ఒకటి పోతే అన్నీ పోయాయన్న భావన ఉండదు. పరీక్షలు మార్చిలో, మళ్ళీ వేసవిలో.

రెండోది జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్‌ఐఓఎస్. 1989లో మొదలైంది, 2002లో ఇప్పటి పేరు పెట్టారు. టెన్త్ తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. పాస్ మార్కు 33. పరీక్షలు ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో. అసైన్‌మెంట్లకి 20 శాతం వెయిటేజి ఉంది, గడువులోపు ఇవ్వకపోతే అవి ఊరికే పోతాయి. సైన్సు, పెయింటింగ్‌లాంటి వాటికి ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటిలో విడిగా పాసవ్వాలి.

పిల్లాడు ఇక్కడే ఉండి తెలుగు మీడియంలో చదివేటట్టయితే రాష్ట్రానిదే సుళువు, సెంటరు దగ్గర్లో దొరుకుతుంది. నాన్నగారికి బదిలీల ఉద్యోగమైతే, అంటే నేవీ, రైల్వే వాళ్ళకి, జాతీయానిది మేలు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. ఓపెన్ స్కూలు పరీక్ష పెడుతుంది, పుస్తకాలిస్తుంది, ఆదివారాలు, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు నడుపుతుంది. అంతే. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరూ పిలవరు. ఫీజు కట్టి, పుస్తకాలు కవరు కూడా విప్పకుండా అటక మీద పెట్టి, ఫిబ్రవరిలో గైడు కొనే పిల్లలు ఎక్కువ. అలాంటి వాళ్ళు తొమ్మిది అవకాశాలూ అయిపోగొట్టుకుంటారు. రోజూ నడిచే బడి ఒకటి, నలుగురు పిల్లలతోనైనా సరే, దాని చుట్టూ మీరు కట్టుకోవాలి.

సీతమ్మధార_వాణి
ఓపెన్ టెన్త్‌కి విలువ ఉండదంటారు కదా, రేపు ఇంటర్‌లో చేర్చుకుంటారా?

ఓపెన్_కోఆర్డినేటర్
చేర్చుకుంటారు, రెండూ గుర్తింపు ఉన్న బోర్డులే. విలువ పోయేది రెండు చోట్ల. ఒకటి, మార్కులు. రెండు, తీసుకున్న సబ్జెక్టులు. ఓపెన్‌లో లెక్కలకి బదులు ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, హోమ్ సైన్స్, సైకాలజీ లాంటివి పెట్టుకోవచ్చు. "లెక్కలు తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అని దాదాపు అందరూ అదే చేస్తారు. తర్వాత పాలిసెట్‌కి (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) వెళ్తే టెన్త్‌లో లెక్కలు ఉండాలంటారు. అప్పుడు మళ్ళీ వెనక్కి.

కంచరపాలెం_ఫిట్టర్
పైన చెప్పింది ఐటీఐకి కూడా వర్తిస్తుంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లకి లెక్కలు, సైన్సుతో టెన్త్ కావాలి. వెల్డర్, వైర్‌మన్ ఎనిమిది పాసైతే చాలు, వెల్డర్ ఒక ఏడాది, వైర్‌మన్ రెండేళ్ళు. చేత్తో పని చేస్తే కుదుటపడే పిల్లలు ఉంటారు, వాళ్ళకి ఇది నిజంగా మందులా పనిచేస్తుంది. పుస్తకంలో కోణం అంటే అర్థంకాని వాడు జాబ్ (చేస్తున్న ఇనుప ముక్క) మీద ట్రైస్క్వేర్ (మూలమట్టం) పెట్టి సందులోంచి వెలుతురు కనిపిస్తే "తొంభై రాలేదు సార్" అంటాడు. అయితే ఎనిమిదితో వెళ్ళినా టెన్త్ వదలొద్దు, పక్కన ఓపెన్‌లో కట్టించండి.

మన ఊరికి ముఖ్యమైన మాట ఇంకోటి. నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్‌కి టెన్త్‌లో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతారు. బొటాబొటిగా 35తో గట్టెక్కితే ఇంటి ముందున్న ఆ గేటు మూసుకుపోయినట్టే. ఆర్మీ అగ్నివీర్ జనరల్ డ్యూటీకైనా మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. అందుకని ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు, మార్కులతో పాసవ్వనివ్వండి.

లెక్కల_మాస్టారు
ఫిట్టర్ గారితో నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తున్నాను. లెక్కలు తీసెయ్యొద్దు, చివరికి పెట్టుకోండి. మొదటి విడతలో తెలుగు, సోషల్, ఇంకోటి రాసి మూడు పాసైతే వాడి నడకే మారుతుంది. ఆ ఏడాదంతా లెక్కల పునాది రోజూ గంట నడపండి, రెండో విడతలో రాయించండి. ఓపెన్ లెక్కల్లో శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, క్షేత్రఫలాలు, గణాంకాలు ఉంటాయి. పునాది కుదిరిన పిల్లాడికి ఇవి అందుతాయి. బీజగణితం తర్వాత.

ఆరిలోవ_సుధ
మా వీధిలో ఒకళ్ళు "ఒకే సిట్టింగ్‌లో టెన్త్, ఇంటర్, పాస్ గ్యారంటీ" అని కాగితం పంచారు. అది కూడా ఓపెనేనా?

ఓపెన్_కోఆర్డినేటర్
కాదు. టెన్త్, ఇంటర్ ఒకేసారి అన్న మాటే అబద్ధం. ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్ పాసయ్యాక ఇంటర్ అయిదు సబ్జెక్టులూ పూర్తి కావడానికి రెండేళ్ళ ఎడం ఉండాలి, ఏడాది ఎడంతో అయితే నాలుగు దాకా రాయొచ్చు. "పాస్ గ్యారంటీ", "పరీక్ష మేం చూసుకుంటాం", "ఊరు కాని ఊరి బోర్డు" అన్న మాటలు వినపడితే లేచి వచ్చెయ్యండి. అలాంటి మెమో కాలేజీలో ఎలాగో చెల్లినా ఉద్యోగంలో వెరిఫికేషన్ దగ్గర దొరికిపోతుంది, అప్పటికి పిల్లాడికి ఇరవై రెండు. బోర్డు పేరు దేశంలోని బోర్డుల మండలి కాబ్సే జాబితాలో ఉందో లేదో చూడండి. దరఖాస్తు విద్యాపీఠం సొంత వెబ్‌సైట్లోనే నింపి, రిఫరెన్సు నంబరు, ఫీజు రసీదు మీ దగ్గరే ఉంచుకోండి. ఏజెంటు ఫోన్ నంబరుతో రిజిస్టర్ చేస్తే హాల్‌టికెట్ కోసం వాడి వెంట తిరగాలి.

గాజువాక_నాన్న
రెగ్యులర్ టెన్త్ ఫెయిలైన వాళ్ళు కూడా ఓపెన్‌కే రావాలా?

పెందుర్తి_హెచ్‌ఎమ్
ఒకటి రెండు పోతే అక్కర్లేదు. అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, పోయినవే రాస్తారు, ఏడాది పోదు. హిందీకి 20 వస్తే చాలు, మిగతావాటికి 35. నాలుగైదు పోయినవాళ్ళకి, సప్లిమెంటరీ కూడా తన్నేసినవాళ్ళకి ఓపెన్ మంచిది. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకూ ఓపెన్‌కి బదిలీ అవుతాయి.

హార్బర్_బడి
బడి మానేసిన పిల్లల్ని తిరిగి తరగతికి అందించే బ్రిడ్జి బడుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇవి మన తెలుగు నేలలోనే బలపడ్డాయి. ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిలోకి పోయిన పిల్లల్ని క్యాంపుల్లో పెట్టి, వయసుకి తగ్గ తరగతిలోకి ఎక్కించింది. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది ఆ కృషికే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలు వాళ్ళ కార్డుల పద్ధతి కూడా చూడండి. పాఠాన్ని చిన్న మెట్లుగా కోసి ఒక్కో కార్డు మీద పెడతారు. పిల్లాడు తన మెట్టు పూర్తయితే తర్వాతి కార్డు తీసుకుంటాడు, పక్కవాడు ఎక్కడున్నాడన్నది లెక్కలోకి రాదు. వాళ్ళు చిన్నపిల్లల కోసం చేశారు గానీ పద్నాలుగేళ్ళ వాడికీ ఆ పద్ధతే కావాలి.

జాలరిపేట వైపు పిల్లల విషయంలో ఒక కిటుకు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు కట్టేసి ఉంటాయి, పెద్దవాళ్ళు ఒడ్డునే ఉంటారు. పిల్లాణ్ణి బోటు పనికి లాగేవాళ్ళు ఉండరు, తండ్రి దగ్గరుండి పంపిస్తాడు కూడా. పునాది పని ఆ 61 రోజుల్లో పెట్టుకుంటే జూన్‌లో చేర్చడం తేలిక. ఆగస్టులో మొదలుపెడితే వేటకీ బడికీ మధ్య పిల్లాడు నలిగిపోతాడు.

ఆడపిల్లలైతే కస్తూర్బా విద్యాలయాలు (ప్రభుత్వ హాస్టల్ బడులు) ఉన్నాయి, ఆరు నుంచి. బడి మానేసినవాళ్ళకి, తల్లో తండ్రో లేనివాళ్ళకి ముందు ప్రాధాన్యం.

మర్రిపాలెం_శ్రీదేవి
చాలా విషయాలు తెలిశాయి. మాస్టారి నాలుగు లెక్కలూ చేయించాం. మొదటిది కరెక్టు. రెండోదానికి 13 రాశాడు. ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు. ఇప్పుడు రోజు ఎలా నడపాలి? ఇంకా హాస్టల్ మాట ఎవరూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు
ఆరు వారాలు సిలబస్ ముట్టుకోకండి. పొద్దున్న తొమ్మిది నుంచి పదింపావు దాకా చదవడం, మధ్యలో పావుగంట విరామం, పదిన్నర నుంచి పదకొండున్నర దాకా లెక్కలు. మధ్యాహ్నం చేతిపని ఏదైనా, సాయంత్రం ఆట తప్పనిసరి. మొత్తం రెండుంబావు గంటల చదువు చాలు. ఎక్కువ పెడితే రెండో వారంలోనే ఎదురుతిరుగుతాడు.

చదవడం ఇలా. మొదటి పది నిమిషాలు ఒకే ఒత్తు, య-ఒత్తు అనుకోండి: వ్యాపారం, సత్యం, న్యాయం, ముఖ్యం. తర్వాత ఆ మాటలున్న పేరా మీరు చదవండి, వాడు వేలు పెట్టి చూస్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి, చివరికి వాడొక్కడే. అదే పేరా మూడు రోజులు. నాలుగో రోజు కొత్తది. చివర్లో దాని గురించి మూడు వాక్యాలు రాయాలి, స్పెల్లింగ్ మర్నాడు చూసుకోవచ్చు.

లెక్కల్లో పది రూపాయల నోట్లు, వంద నోట్లు, రూపాయి బిళ్ళలు ముందు పెట్టి 618 రూపాయల్ని ఆరుగురికి పంచమనండి. వందలు తలా ఒకటి వెళ్ళాయి. పది నోటు ఒక్కటే ఉంది, ఆరుగురికి రాదు, అక్కడ సున్నా. దాన్ని చిల్లర మారిస్తే పద్దెనిమిది, తలా మూడు. ఆ సున్నా ఎందుకు పడిందో వాడి నోటితో చెప్పించండి. వారం తిరిగేసరికి 13 రాయడం మానేస్తాడు.

శనివారం అదే స్థాయి కొత్త పేరాతో, కొత్త లెక్కలతో చూడండి. పాత కాగితం పక్కన పెట్టి వాడికే చూపించండి. మార్కులు వెయ్యకండి.

ఎంవీపీ_కౌన్సెలర్
హాస్టల్ గురించి నా మాట: ఇప్పుడు వద్దు. చదవడం రాక భయపడుతున్న పిల్లాణ్ణి పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే చోట వదిలితే భయం రెట్టింపవుతుంది, చెప్పుకోవడానికి మనిషి కూడా ఉండరు.

హార్బర్_బడి
అన్నివేళలా అలా కాదండి. ఇంట్లో తాగుడు, కొట్లాటలు ఉంటేనో, వీధిలో గంజాయి బ్యాచ్ ఉంటేనో పిల్లాణ్ణి అక్కణ్ణించి తప్పించడమే మొదటి చికిత్స. అప్పుడు చిన్న హాస్టల్ మేలు. వార్డెన్‌కి ఎంతమంది పిల్లలు, వారానికి ఎన్నిసార్లు ఇంటికి ఫోను చెయ్యనిస్తారు, కొడతారా, ఈ మూడూ అడగండి. పిల్లల్లో ఎవరితోనైనా విడిగా మాట్లాడనివ్వకపోతే చేర్చొద్దు. గంజాయి అనుమానం ఉంటే ఈగల్ (రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్యాల నిరోధక విభాగం) వాళ్ళ 1972కి చెప్పొచ్చు. ఇంట్లో హింస ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఎంవీపీ_కౌన్సెలర్
అది ఒప్పుకుంటాను. ఈ పిల్లాడి ఇంట్లో అలాంటిది ఏమీ లేదని అనుకుని చెప్పాను.

సీతమ్మధార_వాణి
ఎంత చెప్పించినా అక్షరాలు తారుమారు చేసే పిల్లల సంగతేంటి? ఒత్తుల అలవాటు లేకపోవడమా, డిస్లెక్సియానా (చదవడం, రాయడం పుట్టుకతోనే కష్టమవడం), ఎలా తెలుస్తుంది?

ఎంవీపీ_కౌన్సెలర్
మాస్టారు చెప్పినట్టు రోజూ నడిపితే మామూలుగా వెనకబడిన పిల్లాడు ఆరు వారాల్లో కళ్ళకు కనిపించేంత ముందుకొస్తాడు. నోటితో అడిగితే చక్కగా చెప్పి, రాయమంటే మాత్రం అక్కడే ఆగిపోతుంటే క్లినికల్ సైకాలజిస్టుతో అంచనా వేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. సర్టిఫికెట్‌కి సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య నిర్ధారణ పరీక్ష) స్లాట్ తీసుకోవాలి. పరీక్షలో రాసిపెట్టే మనిషిని, గంటకి ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయాన్నీ అడగొచ్చు.

పెందుర్తి_హెచ్‌ఎమ్
ఆ అడగడం ఎప్పుడన్నదే అసలు సంగతి. రెగ్యులర్‌లో అయితే నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడే సర్టిఫికెట్ జతచెయ్యాలి, ఓపెన్‌లో అయితే దరఖాస్తులోనే ఆ గడి నింపాలి. హాల్‌టికెట్ వచ్చాక పరుగెడితే పని జరగదు. రాసిపెట్టేవాళ్ళు ఒక తరగతి కిందివాళ్ళయి ఉండాలి, అంటే టెన్త్‌కి తొమ్మిదో తరగతి పిల్లాడు. ఎవరో ముందే చూసుకుని, నెల రోజుల ముందు నుంచీ ఇద్దర్నీ కూర్చోబెట్టి పాత పేపర్లు రాయించండి. ఒకడు చెప్పడం, ఇంకొకడు వేగం అందుకుని రాయడం సాధన లేకుండా రాదు.